ఇంటి కంప్యూటర్ పాఠాలు – 4: ర్యామ్ పెట్టె మీది వేగం, మన ఎండలో దాని నిలకడ

గత పాఠంలో ర్యామ్ స్టిక్కులను స్లాటుల్లో బిగించాం. నాలుగు స్లాటులున్న మదర్‌బోర్డులో రెండే స్టిక్కులుంటే, ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టమన్నాను. ఆ పని అయినవారు ఇప్పుడు విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. స్పీడ్ అన్నచోట ఒక సంఖ్య ఉంటుంది.

పెట్టె మీద 3600 అని చూసి డీడీఆర్4 (నాలుగో తరం) ర్యామ్ కొన్నవారికి అక్కడ 2133 గానీ 2666 గానీ కనిపించవచ్చు. నెల్లూరులో కొన్నా ఒంగోలులో కొన్నా అంతే. దుకాణదారు మీద అనుమానం పెట్టుకోకండి. ప్రతి స్టిక్కు మీదా ఒక చిన్న చిప్ ఉంటుంది. అన్ని బోర్డులకూ నప్పే మామూలు వేగం, తయారీదారు పరీక్షించి పెట్టె మీద అచ్చువేసిన వేగం రెండూ అందులో రాసి ఉంటాయి. మనం చెప్పేదాకా బోర్డు మొదటిదాన్నే తీసుకుంటుంది. వేరే ప్రోగ్రాములో ఇదే ర్యామ్ 1800 అని కనిపించినా లోపం కాదు. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి ఆ సంఖ్యను రెట్టింపు చేసి చదవాలి.

రెండో వేగాన్ని ఎంచుకునే సెట్టింగు పేరు ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులుండే చోటికి) వెళ్లి, దాన్ని ఎంచుకుని, సేవ్ చేసి బయటికి రావడమే. ఒక్క నిమిషం పని. డ్రైవుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే) తాళం ఉన్నవారు మాత్రం, బయోస్ మారాక అది అడగవచ్చు కాబట్టి, రికవరీ కీని ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి. డీడీఆర్5 అయితే మొదటిసారి తెర చాలాసేపు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు ఆ ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటూ ఉంటుంది. కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి, మధ్యలో స్విచ్ ఆపకండి.

ఈ సెట్టింగు ఓల్టేజీని కూడా పెంచుతుంది. డీడీఆర్4 మామూలుగా 1.2 ఓల్టుల మీద నడుస్తుంది, ఎక్స్‌ఎంపీలో చాలావరకు 1.35కు వెళ్తుంది. అది ఆ స్టిక్కుకు తయారీదారు నిర్ణయించిన అంకె, దాన్ని దాటి చేత్తో పెంచవద్దు. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లు ఉన్నవారికి మరో మాట. 2023లో వాటిలో కొన్ని కాలిపోయాక, ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి అందే ఎస్‌ఓసీ ఓల్టేజీ 1.3 దాటకుండా ఏఎండీ హద్దు పెట్టింది. ఆ హద్దు కొత్త బయోస్‌లోనే ఉంది. మీ బోర్డు అంతకు ముందుదైతే ముందు బయోస్ మార్చి, తర్వాతే ఎక్స్‌పో ముట్టుకోండి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మూలపడుతుంది. యూపీఎస్ లేకుండా ఆ పనికి కూర్చోవద్దు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతికి వస్తాను. ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంటుంది. అది అడుగున చిల్లిపడ్డ కుండలో నీరులాంటిది, కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4లో ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి అన్నిటినీ మళ్లీ నింపుతారు. వేడి పెరిగేకొద్దీ కారడం ఎక్కువవుతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే రెండింతలు తరచుగా నింపాలని ప్రమాణమే చెబుతోంది. పైగా వేగం పెంచినప్పుడు పొరపాటుకు ఉండే వెసులుబాటు తగ్గుతుంది. జనవరిలో చక్కగా నడిచిన ర్యామ్ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో తప్పటడుగు వేయడానికి కారణం ఇదే.

కావలిలో మా మిద్దె మీది గదిలో నాకు అదే జరిగింది. చలికాలంలో ఎక్స్‌ఎంపీ పెట్టాను, పరీక్షించలేదు. మే నెలలో మా అక్క కూతురి పెళ్లి ఫోటోలు కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేశాను. తర్వాత తెరిచి చూస్తే చాలా ఫోటోల్లో సగం నుంచి కిందికి బూడిదరంగు చారలే. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగిపోలేదు, హెచ్చరిక రాలేదు. తలంబ్రాల ఫోటో ఒక్కటీ మిగల్లేదు. ఆ పాప అడిగినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి పరీక్ష తప్పనిసరి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రాము ఉచితం. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానితోనే కంప్యూటర్‌ను ఆన్ చేయండి. రాత్రి పెట్టి పడుకోమని చాలామంది చెబుతారు. నేను మాత్రం మిట్టమధ్యాహ్నం, ఏసీ లేకుండా, మీరు రోజూ పనిచేసే గదిలోనే పెట్టమంటాను. కనీసం నాలుగు పాస్‌లు (మొదటి నుంచి చివరిదాకా పూర్తి పరీక్షలు) పూర్తికావాలి. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ వేగం మీకు పనికిరాదు. "ఒక్కటే కదా" అనుకోకండి. ఆ ఒక్కటి ఏ ఫైలు మీద పడుతుందో ఎవరికీ తెలియదు.

తప్పు వస్తే ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి వేగాన్ని ఒక మెట్టు దించండి. 3600 నిలవకపోతే 3400, అదీ కాకపోతే 3200 పెట్టి మళ్లీ పరీక్షించండి. నాలుగు స్టిక్కులున్నవారు ఇలా దిగాల్సి రావడం మామూలే. హెచ్610 చిప్‌సెట్ బోర్డు ఉన్నవారు 3600 ఆశ పెట్టుకోవద్దు, అది మెమరీ ఓవర్‌క్లాకింగ్‌ను (మామూలు వేగాన్ని మించి నడపడాన్ని) అనుమతించదు.

తెర అసలు రాకపోతే చాలా బోర్డులు రెండు మూడుసార్లు ప్రయత్నించి, వాటంతట అవే పాత వేగానికి వస్తాయి. రాకపోతే ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు తీసి మళ్లీ పెట్టండి. బయోస్ మొదటి స్థితికి వస్తుంది.

వచ్చే పాఠానికి మీ స్టిక్కు మీద డేటా అందడంలో ఆలస్యాన్ని చెప్పే సీఎల్ అంకె, సీఎల్16, సీఎల్18 అని ఏముందో రాసుకుని ఉంచండి. 3200 సీఎల్16కూ 3600 సీఎల్18కూ ఆలస్యం సరిగ్గా 10 నానోసెకన్లే ఎందుకవుతుందో అప్పుడు లెక్క కడదాం.