కొత్త ఇంట్లో మిగిలిపోయిన పనులు: బిల్డర్‌తో తేల్చుకోవడం ఎలా?

ఇల్లు ముప్పాతిక వంతు పూర్తయ్యేదాకా పని చకచకా సాగుతుంది. ఆ తర్వాత నత్తనడకే. స్నానాల గదిలో ఒక పంపు, మెట్లకు రెయిలింగు, ఒక తలుపుకు గొళ్ళెం, బాల్కనీలో నాలుగు టైల్స్... "రేపు మనిషిని పంపిస్తాను" అన్న ఆ రేపు ఎప్పటికీ రాదు. దీని వెనుక ప్రతిసారీ మోసమే ఉండదు. అరగంట పనికైనా ప్లంబర్‌కు పూటకూలి ఇచ్చి రప్పించాలి, వడ్రంగికీ అంతే. వాళ్లు అప్పటికే వేరే సైటులో ఉంటారు. అందువల్ల చిల్లర పనులు బిల్డర్‌కు గిట్టుబాటు కావు. ఈ సంగతి గ్రహిస్తే మీరు చేయవలసింది తేలికగానే అర్థమవుతుంది. పనులన్నీ ఒకే విడతలో చేయించే వీలు అతనికి కల్పించాలి. అవి పూర్తయ్యేదాకా చివరి చెల్లింపు మీ చేతిలోనే ఉండాలి.

1. అగ్రిమెంటు బయటికి తీయండి

సంతకం చేసిన రోజు చదవకపోయినా ఇప్పుడు చదవక తప్పదు. స్పెసిఫికేషన్లు, డ్రాయింగులు, ఏ దశకు ఎంత చెల్లించాలి, పూర్తి చేయాల్సిన గడువు, లోపాలు సరిచేసే కాలం, నోటీసు ఎలా పంపాలి, వివాదం వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్న షరతులను గుర్తు పెట్టుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నవి ఉంటే పాత మెసేజీలు, రసీదులు, బ్రోచర్లు వెతికి పోగు చేయండి.

2. మిగిలిన పనులను మూడు రకాలుగా విడదీయండి

అసలు చేయనివి, చేసినా సరిగా లేనివి, ఒప్పుకున్నది ఒకటైతే చేసింది మరొకటి అయినవి. ఈ మూడింటినీ కలిపి మాట్లాడటం వల్లే చాలా గొడవలు ఎటూ తేలవు. మొదటి రకంలో వాదనకు చోటు లేదు, తేదీ ఒక్కటే అడగాలి. రెండో రకానికి నిరూపణ కావాలి, అవసరమైతే ఇంజనీరు మాట కావాలి. మూడోదానికి బేరం కూడా దారే: చెప్పిన కంపెనీ స్విచ్చులకు బదులు వేరేవి బిగిస్తే, మార్పించుకోవాలా, తేడా సొమ్ము తగ్గించుకోవాలా అన్నది మీరే నిర్ణయించుకోండి. మీరు మధ్యలో అదనంగా కోరిన పనులను మాత్రం ఈ జాబితాలో కలపకండి. ఒక్క తప్పుడు పద్దు కనిపించినా మిగతా జాబితా మీద నమ్మకం పోతుంది.

3. గదులవారీగా చూడండి, పనివారివారీగా రాయండి

పగటి వెలుతురులో, అన్ని గదుల్లోనూ తిరుగుతూ చూడండి. టైల్స్ మీద నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదని అర్థం. స్నానాల గదిలో బకెట్ నీళ్లు కుమ్మరించి, నీరు మూలల్లో నిలవకుండా జాలికి చేరుతోందా చూడండి. జాలి మూసి నీళ్లు నిలబెట్టి కనీసం 24 గంటలు ఉంచితే కింది గది కప్పు మీది చెమ్మ వాటర్ ప్రూఫింగ్ సంగతి చెబుతుంది. పంపులన్నీ కట్టేసినా నీటి మీటరు తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉంది. ప్రతి ప్లగ్గునూ పరీక్షించండి. ఎర్తింగు మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చూపించాలి, అక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

ప్లాస్టరింగు ఆరేటప్పుడు వెంట్రుకవాసి బీటలు రావడం మామూలే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట సంగతి వేరు. దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. గీత దాటి పెరుగుతుంటే బిల్డర్ మేస్త్రీని కాకుండా స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

ఇప్పుడు ఆ జాబితాను ప్లంబరు పనులు, విద్యుత్ పనులు, టైల్స్ పనులు, వడ్రంగి పనులు, రంగులు అని మార్చి రాయండి. ప్రతి పనికీ ఒక అంకె, ఒక ఫోటో. వరుస కూడా ముఖ్యమే: గోడలో పైపు సరిచేయకముందే రంగు వేయిస్తే రంగు పని రెండుసార్లు పడుతుంది. అదనంగా ఇంకో తగాదా!

4. తేదీతో లేఖ పంపండి

ఫోనులో అరిచినదానికి సాక్ష్యం ఉండదు. మాట్లాడక తప్పకపోతే, ఆ వెంటనే "ఇప్పుడు మీరు ఫలానా తేదీకి ఫలానా పని చేయిస్తామన్నారు" అని మెసేజీ పెట్టండి. అసలు లేఖ ఇలా ఉంటే చాలు:

"మన ఒప్పందం ప్రకారం పూర్తి కావలసిన పనుల జాబితాను ఫోటోలతో జతపరిచాను. ఏ పని ఏ తేదీన చేయిస్తారో ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. పనివారు వచ్చే రోజుల్లో ఇల్లు తెరిచి ఉంచుతాను. పనులు పూర్తయ్యాక కలిసి తనిఖీ చేసి, మిగిలిన మొత్తం చెల్లిస్తాను."

బెదిరింపులు, తిట్లు, "నలుగురిలో పెడతాను" వంటి మాటలు వద్దు. ఈ కాగితాన్ని రేపు మధ్యవర్తి చదవవచ్చు. ఇల్లు తెరిచి ఉంచుతానన్న వాక్యాన్ని మాత్రం వదలకండి, "లోపలికి రానివ్వలేదు" అన్న సాకు దానితో పోతుంది.

5. డబ్బు, తాళాలు, సంతకం

మీ బలం ఈ మూడింటిలోనే ఉంది. అయితే చేతిలో ఉన్న డబ్బంతా ఆపేస్తే ఒప్పందం ఉల్లంఘించింది మీరేనని అతను అనగలడు. మిగిలిన పనులు బయటివారితో చేయిస్తే ఎంతవుతుందో రెండు కొటేషన్లు తీసుకోండి. అగ్రిమెంటు అనుమతించే మేరకు, ఆ మొత్తానికి తగినంతే ఆపి, కారణం లేఖలో రాయండి. బ్యాంకు రుణం దశలవారీగా విడుదలవుతుంటే, పని కాని దశకు సొమ్ము ఇవ్వవద్దని బ్యాంకుకూ రాయండి.

తాళాలు తీసుకునేటప్పుడు "పనులన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి" అన్న ముద్రిత కాగితం మీద మారుమాట్లాడకుండా సంతకం చేయకండి. "జతపరిచిన జాబితాలోని పనులు మినహా" అని చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టండి.

6. అయినా కదలకపోతే

మొదట ఇద్దరూ ఒప్పుకునే ఇంజనీరుతో తనిఖీ, లేదా మధ్యవర్తిత్వం. ఇది కోర్టు కన్నా త్వరగా తేలుతుంది, ఖర్చూ తక్కువ. ఆ తర్వాత లాయరు నోటీసు, ఆపైన ఫిర్యాదు. హక్కులు దేశాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం పరిధిలోని ప్రాజెక్టుల్లో, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్నవారికి వినియోగదారుల కమిషన్ దారి ఉంది, సాధారణంగా వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వెళ్లాలి. ఫ్రాన్స్‌లో ఇంటి పటిష్ఠతను దెబ్బతీసే లోపాలకు బాధ్యత పదేళ్లు. ఎక్కడైనా గడువు ఉంటుంది కాబట్టి "చూద్దాం లెండి" అన్న మాటలు వింటూ దాన్ని దాటనివ్వకండి.

బిల్డర్ పూర్తిగా చేతులెత్తేస్తే వేరే వారితో పని చేయించవచ్చు. కానీ చివరి గడువుతో నోటీసు ఇచ్చి, ఉన్న స్థితిని ఇంజనీరు నివేదికతోనూ ఫోటోలతోనూ నమోదు చేయించాకే వాళ్లను లోపలికి రానివ్వండి. లేకపోతే పాత లోపాలన్నీ కొత్తవాళ్ల ఖాతాలో పడతాయి. బిల్లులన్నీ దాచండి.

రాజీ కుదిరితే దాన్నీ కాగితం మీద పెట్టండి. "ఇక ఎలాంటి బాకీలూ, ఫిర్యాదులూ లేవు" అన్న వాక్యం మీద పని ముగిశాకే సంతకం చేయాలి, తేదీ చెప్పిన రోజున కాదు. చివరి చెల్లింపు చేసే ముందు వైరింగు, పైపులైన్ల డ్రాయింగులు, మోటారు వారంటీ కార్డులు, కంప్లీషన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. డబ్బు ముట్టాక వాటికోసం మళ్లీ మొదటినుంచీ తిరగాలి.