జంబో అని ఎక్కడ అనొచ్చు, ఎక్కడ అనకూడదు

బెంగళూరు మారతహళ్లిలో ఏ ఆంధ్రా మెస్‌కి ఫోన్ చేసినా బిర్యానీ ఫ్యామిలీ ప్యాకా, జంబో ప్యాకా అని అడుగుతారు కాబట్టి ఈ మాట మనకి కొత్తేం కాదు. చిక్కల్లా, అదే అలవాటులో ఆఫీసు మెయిల్‌లో 'జంబో ప్రాబ్లమ్' అని రాసేసినప్పుడే.

మామూలు సైజు ఒకటి ఉండి, అదే రకంలో బాగా పెద్దది ఇంకోటి ఉంటే అది జంబో. జంబో గుడ్లు, జంబో జెట్, అలాగన్నమాట. కొండకీ సముద్రానికీ మామూలు సైజంటూ ఏముంది, అక్కడ హ్యూజ్ అనండి. సమస్యకి బిగ్ చాలు. 'జంబో ప్యాక్' అంటే బాగుంటుంది గానీ 'ద ప్యాక్ ఈజ్ జంబో' అంటే అతకదు, 'వెరీ జంబో' అసలే అనరు.

19వ శతాబ్దం మొదట్లో ఇది లావుగా, మొద్దుగా ఉండే మనిషిని వెటకారంగా అనే మాట. దీన్ని ఊరూరా పాకించింది మాత్రం ఆ పేరున్న ఒక ఆఫ్రికా ఏనుగు. 1865లో పారిస్ నుంచి లండన్ జూకి వచ్చి, పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిప్పేది. 1882లో దాన్ని అమెరికా సర్కస్ యజమాని పి.టి.బార్నమ్‌కి 2,000 పౌండ్లకి అమ్మేస్తే లండన్ జనం గగ్గోలు పెట్టారు. బార్నమ్ ప్రచారం సంగతి చెప్పాలా, పెద్దగా కనబడే ప్రతి సరుకుకీ ఏనుగు పేరు అంటుకుంది. 1885లో కెనడాలో రైలు ఢీకొని అది చనిపోయినా పేరు ఆగలేదు. ఆ అమ్మకాల వాసన ఇంకా పోలేదు కాబట్టే ప్యాకెట్ మీద నప్పినట్టు సీరియస్ రిపోర్టులో నప్పదు. (జాంబవంతుడి నుంచి వచ్చిందని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి.)

అమెరికా బ్యాంకుల పని చేసేవాళ్లకి 'జంబో లోన్' తగులుతుంది, అది వెటకారం కాదు, నిర్ణీత పరిమితి దాటిన ఇంటి అప్పుకి అక్కడి పేరే అది. 'మంబో జంబో' వేరే, అర్థంపర్థం లేని మాటలని.

మనుషుల్ని మాత్రం అనకండి, లావుగా ఉన్నవాళ్లని అసలే వద్దు. ఈ ఊరి అనిల్ కుంబ్లేని జంబో అంటారు కదా అంటే, అది ముద్దుపేరు, బక్కపల్చటి మనిషాయన.

మన పేపర్లలో 'జంబో కేబినెట్' అంటే పొగడ్త కాదు, ఇంతమంది మంత్రులెందుకన్న ఎత్తిపొడుపు. 2003లో 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యని సభలో 15 శాతానికి కట్టేసింది, పార్టీ కమిటీలకి అలాంటి లెక్క లేదు, అందుకే 'జంబో కమిటీ' అన్న హెడ్డింగు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.