బుడ్డల (వేరుశనగ) చేలో చెదలు: మందు కంటే ముందు దిబ్బ ఎరువు చూడండి

అనంతపురం ఎర్రనేలల్లో బుడ్డలకు చెదల బెడద వాన ముఖం చాటేసిన రోజుల్లోనే ఎక్కువ. వాడిన మొక్కను పట్టి లాగండి, ఇట్టే ఊడొస్తుంది. తల్లివేరు గుల్లయి లోపల మట్టి నిండి ఉంటే అది చెదల పనే. కాయ పైపొట్టులో మెత్తటి భాగం గీరేసి, పీచు మాత్రం వలలా మిగులుస్తాయి. అలా గీరిన కాయలోకి ఆస్పర్‌జిల్లస్ బూజు సులువుగా దూరి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. వాటిని మంచి కాయల్లో కలపకండి, దయచేసి పశువులకూ పెట్టకండి.

చెదలకు అసలు తిండి ఎండు పుల్లలు, మోళ్లు, చివకని పేడ. పుట్టలో వాటి మీద బూజు పెంచుకుని తింటాయి. గట్టు మీది పుట్టను తవ్వకండి. అది చెత్తను మట్టిలో కలుపుతుంది, వాననీటిని లోపలికి దించుతుంది. చేను మధ్య పుట్టయితే రాణి దొరికేదాకా తవ్వాలి. పైపైన కొడితే మళ్లీ కట్టేస్తాయి.

దిబ్బ ఎరువు పూర్తిగా చివికి ఉండాలి: పిడికిట్లో పిసికితే వేడి, పేడవాసన, గడ్డిపోచలు తగలకూడదు. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయండి. ఏటా బెడద ఉన్న చేలో ఎకరాకు 2 కిలోల మెటారైజియం (చెదలను చంపే శిలీంద్రం) పొడిని 100 కిలోల చివికిన ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం ఉంచండి. తర్వాత పదునులో, సాయంత్రం పూట చల్లి మట్టిలో కలపండి. మిట్టమధ్యాహ్నం ఎండలో చల్లినా, తెగులు మందుతో కలిపినా ఆ శిలీంద్రం చచ్చిపోతుంది.

పీకిన బుడ్డకట్టెను చేలో కుప్పలుగా వదలొద్దు.