పెరటి కోళ్లు – 4వ పాఠం: చలి ముదరకముందే గూడు సర్దుకుందాం

పోయిన పాఠంలో జాగా లెక్క చూశాం. ఒక్కో కోడికి 2 చదరపు అడుగులు, అంటే 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న గూట్లో 15, 16 కోళ్లు. ఈసారి అదే గూటిని చలికి తయారు చేద్దాం. దసరా పోయి వరి కోతలు మొదలయ్యాయంటే ఈ పని పట్టుకోవాలి.

ముందు ఒక మాట. మన నల్లగొండ, పాలమూరు చలికి పెద్ద కోడి చావదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో 14, 15 డిగ్రీలకు పడుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది, అయినా కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి ఈకలు ఉబ్బించుకుని, పొట్ట కాళ్ల మీదికి వాల్చి కూర్చుంటే ఆ చలిని అది తట్టుకుంటుంది. కోడి ప్రాణం తీసేది తేమ, దాంతోపాటు మూసుకుపోయిన గాలి.

నా మొదటి చలికాలం, పాపం వణుకుతాయేమోనని నాలుగు వైపులా టార్పాలిన్ కట్టి, అంచుల మీద ఇటుకలు పెట్టి, సందు లేకుండా మూసేశాను. వారం తిరిగాక ఒక పొద్దున తలుపు తీస్తే కళ్లు భగ్గున మండాయి. పైకి చూస్తే రేకు కింద వరసగా నీటి చుక్కలు, ఒక్కొక్కటి జారి కర్ర మీద కూర్చున్న పెట్ట వీపు మీద పడుతోంది. వాన లేదు, మంచు లోపలికి రాలేదు, రాత్రంతా కోళ్లు వదిలిన ఊపిరే చల్లటి రేకుకు తగిలి నీరైంది. ఆ నెలలో రెండు పెట్టలు గురగురమంటూ పోయాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాబట్టి మొదటి పని గాలి దారి. చలికాలంలో గాలి మనకు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి కొడుతుంది. ఆ రెండు వైపులా, అంటే తూర్పు, ఉత్తరం గోడలకు, కింది నుంచి కోడి తల పైదాకా గోనె సంచులు కుట్టి కట్టండి, లేదా కంది కట్టె తడకకు పేడ అలికి నిలబెట్టండి. రేకు కింద మాత్రం ఎదురెదురుగా రెండు వైపులా అర అడుగు సందు జాలీతో వదలాలి, దాన్ని ఏ రాత్రీ మూయొద్దు. కోళ్లు కూర్చునే కర్ర ఆ సందుకు కనీసం అడుగు కిందికి ఉంటే గాలి వాటి తల మీదుగా పోతుంది, ఒంటికి తగలదు. దక్షిణం వైపు పరదా పొద్దున్నే ఎత్తేయండి, చలికాలం ఎండ అటు నుంచే ఏటవాలుగా లోపలికి వస్తుంది.

రెండోది కింద పరిచే పొట్టు. ఎండాకాలం 2 అంగుళాలు సరిపోతుంది, ఇప్పుడు 4 నుంచి 6 అంగుళాలు కావాలి. మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్ మిల్లుల ఊక ఉండనే ఉంది, పాలమూరు వైపు వేరుశనగ పొట్టు దొరుకుతుంది కానీ అది తడిసి బూజు పట్టి ఉంటే ఊరికే ఇచ్చినా తేవొద్దు, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏదైనా రెండు రోజులు ఎండబెట్టాకే పరవండి, రెండు మూడు రోజులకోసారి పారతో తిరగేయండి.

పొట్టు ఎలా ఉందో చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైంది, ఆ చోటు తీసేసి కొత్తది వేయాలి. కొంచెం అంటుకుని విడిపోతే బాగుంది. ఇంకో పరీక్ష, పొద్దున్నే గూట్లో కోడి తల ఎత్తుకు వంగి కూర్చుని నిమిషం ఊపిరి పీల్చండి, మనం నిలబడి చూస్తే తెలియని రెట్టల ఘాటు అక్కడ తెలుస్తుంది. నీళ్ల గిన్నె గూట్లో ఉంటే ఇటుక మీద పెట్టండి, తడి సగం అక్కడి నుంచే మొదలవుతుంది.

బయట తిరిగే జాగాలో నీళ్లు నిలిచే గుంతలుంటే మొరం పోసి ఎత్తు చేయండి. నల్లరేగడి అయితే ఇది తప్పదు. పొద్దున గడ్డి మీద మంచు ఆరాకే కోళ్లను వదలండి, తడి నేల మీదే రక్త పారుడు రోగం పెరుగుతుంది. జాలీ కింది అంచు ఒక అడుగు మట్టిలో పాతితే ముంగిస తవ్వుకుని రాలేదు. పొద్దుగూకే ముందు గుప్పెడు మక్కలో జొన్నలో వేస్తే రాత్రి అరుగుతూ ఒంటికి వేడినిస్తాయి.

గ్రామప్రియ లాంటి గుడ్ల కోళ్లున్నవాళ్లకు ఇంకొకటి. డిసెంబర్‌లో మనకు పగలు 11 గంటలే, గుడ్లు తగ్గకుండా ఉండాలంటే వెలుతురు 14 గంటలన్నా ఉండాలి. తెల్లవారుజామున 4 గంటల నుంచి ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. సాయంత్రం వద్దు, ఠక్కున ఆర్పితే కర్ర ఎక్కకముందే చీకట్లో చిక్కుకుంటాయి. మామూలు నాటు కోళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు.

కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించకపోతే ఈ వారమే మీ పశువైద్యశాలకు వెళ్లి అడగండి.

ఇదంతా పెద్ద కోళ్లకే. మొదటి వారంలో 35 డిగ్రీల వేడి కావాల్సిన పిల్లల సంగతి వేరు, 5వ పాఠం వాటి గురించే. అప్పటిలోపు పిడికిలి పరీక్ష మూడు రోజులు వరసగా చేసి, గూట్లో ఏ మూల తడిగా ఉందో రాసి పెట్టుకోండి.