ట్యూబు మార్చాను, ముల్లు మరిచాను

కళింగపట్నం బీచ్ నుంచి శ్రీకాకుళం తిరిగొస్తుంటే సగం దారిలో నా ఫ్యాట్ టైర్ (లావు టైర్ల) ఎలక్ట్రిక్ సైకిల్ వెనక చక్రం చతికిలబడింది. పంక్చర్ షాపాయన చక్రంలోంచి వస్తున్న మోటారు వైరు చూసి, "దీని జోలికి నేను రాను బాబూ" అన్నాడు. ఆటోలో ఇంటికి తెచ్చి నేనే విప్పాను.

ముందు బ్యాటరీ తీశాను. మోటారు కేబుల్ జాయింటును మెలితిప్పకుండా తిన్నగా లాగాలి, లేకపోతే లోపలి పిన్నులు వంగుతాయి. ఇరుసు నట్లకు 18 నంబరు స్పానర్ సరిపోయింది. వాషర్ల వరస మర్చిపోకుండా ఫోటో తీసుకున్నాను. 20 ఇంటు 4 అంగుళాల సైజు కొత్త ట్యూబు వేశాను.

తెల్లారేసరికి మళ్లీ గాలి లేదు! పాత ట్యూబుకు గాలి కొట్టి బకెట్లో ముంచాను. బుడగలొచ్చిన చోటు వాల్వుకు ఎన్ని జానలో కొలిచి, టైరు లోపల అక్కడే పాత బనియన్ గుడ్డతో తుడిచాను. గుడ్డ దారం దేనికో పట్టేసింది. విరిగిన తుమ్మముల్లు మొన, బియ్యపు గింజలో సగం కూడా లేదు. పటకారుతో లాగేశాను.

ఇప్పుడు టైరుకీ ట్యూబుకీ మధ్య ముళ్లు దిగకుండా లైనర్ పట్టీ ఉంది. గాలి 20 పీఎస్‌ఐ దగ్గర ఉంచుతున్నాను. ఇసుకలో నడపడానికి తగ్గించినా, తారు రోడ్డెక్కగానే మళ్లీ కొడతాను. అందుకే సంచిలో చిన్న పంపు.