వానాకాలానికి ముందు నొప్పి మాత్రలు వాడేవారు చేయించుకోవలసిన కడుపు పరీక్షలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక డెంగీ, చికున్‌గున్యా జ్వరాలు పెరుగుతాయి. ఒళ్లు నొప్పులకు, కీళ్ల నొప్పులకు డాక్టరును అడగకుండానే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగడం ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ మామూలే. ఈ మందులు నొప్పికి, వాపుకు కారణమైన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలతో పాటు కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను కూడా తగ్గించివేస్తాయి. పైగా పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు కనుక, కడుపులో మంట లేదన్న ధైర్యంతో వీటిని కొనసాగించడం మంచిది కాదు.

అరవై ఐదేళ్లు దాటినవారు, ఇదివరకు అల్సర్ వచ్చినవారు, గుండె కోసం ఆస్పిరిన్ గానీ రక్తం పలుచబడే మందులు గానీ స్టెరాయిడ్లు గానీ వాడేవారు అక్టోబరుకు ముందే ఒకసారి డాక్టరును కలవాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల రేకులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. పారాసిటమాల్ అనుకుని వాడుతున్న రేకు వెనుక సన్నని అక్షరాల్లో డైక్లోఫెనాక్ జాతికే చెందిన అసెక్లోఫెనాక్ పేరు కూడా ఉండడం అరుదేమీ కాదు. గుండెకు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు.

కడుపులోకి గొట్టం వేయకుండా చేసే పరీక్షల్లో హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది) మొదటివి. కొద్దికొద్దిగా రక్తం పోతున్నట్లయితే ఇవి క్రమంగా తగ్గుతాయి. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే పరీక్ష విషయంలో ఒక మెలిక ఉంది: ఇప్పుడు ఎక్కువగా వాడే ఇమ్యునోకెమికల్ పద్ధతి (రక్తంలోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను వెదికేది) పెద్దపేగు రక్తాన్ని బాగా పడుతుంది గానీ, కడుపులో కారిన రక్తంలోని గ్లోబిన్ దారిలోనే జీర్ణమైపోవడం వల్ల దాన్ని పట్టలేకపోవచ్చు. కాబట్టి నెగటివ్ వచ్చిన కాగితం కడుపు బాగుందనడానికి రుజువు కాదు. చక్కెర నీళ్లు తాగించి మూత్రంలో సుక్రోజ్‌ను కొలిచే పద్ధతిపై పరిశోధనలు జరిగాయి గానీ, అది మామూలు వైద్యంలోకి రాలేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ఉపయోగపడేది హెలికోబ్యాక్టర్ పైలోరీకి చేసే యూరియా శ్వాస పరీక్ష. ఈ క్రిమి ఉన్న కడుపులో నొప్పి మాత్రలు పుండును మరింత సులువుగా తెస్తాయి; ముందే కనిపెడితే యాంటీబయాటిక్స్‌తో తొలగించవచ్చు. అయితే పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు మానకుండా ఊదితే, క్రిమి ఉన్నా లేదని రావచ్చు. గ్యాస్ మాత్ర మానవచ్చో లేదో డాక్టరే చెప్పాలి.

జ్వరం వస్తే, అది డెంగీ కాదని తేలేదాకా తగిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతి కాఫీ పొడి రంగులో పడినా, కళ్లు తిరిగినా ఈ పరీక్షలతో కాలయాపన చేయకూడదు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది గానీ, ఆ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసింది కాదు. వీధిలో నీళ్లు నిలిచాయని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది గొట్టం వేసి కడుపు లోపల చూసే ఎండోస్కోపీయే.