కంపెనీల సీఎస్ఆర్ నిధులకు స్వచ్ఛంద సంస్థల దరఖాస్తు విధానం: చాలామంది ఆగిపోయేది 12ఏ, 80జీ దగ్గరే

మండల కేంద్రంలో ఏళ్ల తరబడి పేద పిల్లలకు సాయంకాలపు బడి నడుపుతున్న ఒక చిన్న సొసైటీకి నిధులిస్తామని, అదే జిల్లాలో కర్మాగారమున్న ఒక కంపెనీ ముందుకొచ్చి, ఒప్పందం రాసుకునే దశలో వెనక్కి తగ్గింది. పనిలో లోపం లేదు, లెక్కల్లోనూ లేదు. ఆ సంస్థ బీరువాలో భద్రంగా దాచుకున్న 12ఏ ధ్రువపత్రం, అంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే నమోదు పత్రం, 2009 నాటిది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మార్పుతో పాత నమోదులన్నిటినీ ఆదాయపు పన్ను శాఖ వద్ద మళ్లీ చేయించుకోవలసి వచ్చిందన్న సంగతి కార్యదర్శికి ఎవరూ చెప్పలేదు. మరుసటి నెలలో ఒక ఏజెంటు వచ్చి, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులకు కావలసిన నమోదు నంబరు ఇప్పిస్తానని ముప్పై వేల రూపాయలు తీసుకున్నాడు. ఆ నంబరు కోసం చేసే దరఖాస్తుకు ప్రభుత్వ రుసుమే లేదు. నిజాయతీగా పనిచేసే సంస్థలు ఇలా రెండు వైపులా నష్టపోవడం పలుమార్లు చూసినందువల్ల ఈ విధానాన్ని వివరంగా రాస్తున్నాను.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేస్తున్న ప్రాంతానికి, దాని చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టం చెబుతున్నది. సింగరేణి గనుల చుట్టూ, విశాఖ పారిశ్రామిక ప్రాంతంలో, హైదరాబాదు శివారు ఔషధ పరిశ్రమల పరిసరాల్లో ఉన్న చిన్న సంస్థలకు ఈ మాట బలమైన ఆధారం. అయితే ఈ సొమ్ము ప్రభుత్వ ఖజానా నుంచి రాదు, ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయించదు. నిర్ణయం పూర్తిగా కంపెనీ డైరెక్టర్ల బోర్డుదే. కాబట్టి ఢిల్లీలో ఫైలు కదిలించి నిధులు తెప్పిస్తామని ఎవరు చెప్పినా ఆ మాటకు ఆధారమే లేదు.

కంపెనీ తానుగా స్థాపించని, ప్రభుత్వమూ స్థాపించని బయటి సంస్థకు ఈ పని అప్పగించాలంటే 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం కొన్ని అర్హతలుండాలి. అది నమోదైన సొసైటీ గాని, పబ్లిక్ ట్రస్టు గాని, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ గాని అయి ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ నమోదు, విరాళమిచ్చేవారికి పన్ను రాయితీ దక్కే 80జీ ఆమోదం ఉండాలి. అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. వీటన్నిటి మీద, కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే సీఎస్ఆర్ నమోదు సంఖ్య ఉండాలి.

సొసైటీ నమోదు సంగతి చాలామందికి తెలిసిందే. 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు వద్ద అది జరుగుతుంది. ఏటా కార్యవర్గ జాబితాను అక్కడ దాఖలు చేయడం మరచిపోకూడదు. పాన్ కార్డు, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా, ఆడిట్ చేసిన లెక్కలు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉచితంగా దొరికే గుర్తింపు సంఖ్య కూడా సిద్ధంగా పెట్టుకోవాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త చాలు: నమోదు పత్రంలో, పాన్‌లో, బ్యాంకు ఖాతాలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒకచోట "సేవా సమితి", మరోచోట "సేవా సంఘం" అని ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

అసలు చిక్కు 12ఏ, 80జీ ఉత్తర్వుల దగ్గర వస్తుంది. ఇప్పుడు ఇవి శాశ్వతం కావు. కొత్త సంస్థకు మొదట 10ఏ ఫారం మీద మూడేళ్లకు తాత్కాలిక నమోదు ఇస్తారు. ఆ తర్వాత 10ఏబీ ఫారం మీద దరఖాస్తు చేస్తే, పరిశీలన జరిపి సాధారణంగా అయిదేళ్లకు పూర్తి నమోదు ఇస్తారు. ముందటి రెండేళ్లలోనూ మొత్తం ఆదాయం 5 కోట్లకు మించని సంస్థలకు 12ఏ నమోదు కాలాన్ని 2025లో పదేళ్లకు పెంచారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది, అందులో సెక్షన్ల సంఖ్యలు, దాని కింద ఫారాల సంఖ్యలు వేరు. కంపెనీల వాళ్లూ ఆడిటర్లూ పాత పేర్లతోనే అడుగుతుంటారు కనుక ఇక్కడ వాటినే వాడుతున్నాను.

ఉత్తర్వు చేతికి రాగానే అది ఎప్పటివరకు చెల్లుతుందో చూడాలి. పాత చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వుల్లో రాసి ఉండేది ఆర్థిక సంవత్సరం కాదు, మదింపు సంవత్సరం. "2026-27 మదింపు సంవత్సరం వరకు" అని ఉంటే 2027 మార్చి వరకు గడువుందని అనుకొని ఊరుకున్నవారు ఎందరో. మదింపు సంవత్సరమంటే ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది కాబట్టి ఆ ఉత్తర్వు 2026 మార్చి 31తోనే ముగుస్తుంది. పునరుద్ధరణకు గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందే దరఖాస్తు చేయాలి గనుక ఈ ఉదాహరణలో చివరి తేదీ 2025 సెప్టెంబరు 30 అవుతుంది. తాత్కాలిక నమోదు ఉన్నవారికి నియమం ఇంకా కఠినం: అది ముగియడానికి ఆరు నెలల ముందు, లేదా కార్యకలాపాలు మొదలైన ఆరు నెలల లోపు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటిలోగా 10ఏబీ దాఖలు చేయాలి. గడువు దాటినవారు నిరాశ పడనక్కరలేదు. 12ఏ విషయంలో, ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారాన్ని 2024 అక్టోబరు నుంచి కమిషనరుకు ఇచ్చారు. కారణాన్ని ఆధారాలతో రాసి పెట్టుకోవాలి.

10ఏబీ దరఖాస్తు పంపాక చాలామంది ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అక్కడే నష్టం జరుగుతుంది. మినహాయింపుల విభాగపు కమిషనరు కార్యాలయం ఈ దరఖాస్తులను పరిశీలించి, పత్రాలు కోరుతూ నోటీసులు పంపుతుంది. అవి తపాలాలో ఇంటికి రావు, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి, అక్కడ నమోదైన ఈమెయిల్‌కు వస్తాయి. ఆ ఈమెయిలూ ఫోను నంబరూ ఏజెంటువో, ఎప్పుడో మానేసిన గుమాస్తావో అయితే నోటీసు వచ్చిన సంగతి సంస్థకు తెలియనే తెలియదు. జవాబు రాలేదన్న కారణంతో దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: పోర్టల్ పాస్‌వర్డు, ఈమెయిల్, ఓటీపీ వచ్చే ఫోను సంస్థ బాధ్యుల చేతిలోనే ఉండాలి, వారానికొకసారి లోపలికి వెళ్లి చూడాలి.

నోటీసుల్లో సాధారణంగా అడిగేవి నియమావళి, గత సంవత్సరాల లెక్కలు, చేసిన పనుల వివరం, ఫొటోలు, ఖర్చు రసీదులు. నియమావళిలో రెండు అంశాలు ముందే చూసుకోవాలి. సంస్థ రద్దయితే మిగిలిన ఆస్తి సభ్యులకు కాక అదే ఆశయమున్న మరో సంస్థకు చెందాలన్న నిబంధన ఉండాలి. సేవ ఒక మతానికో కులానికో మాత్రమే పరిమితమని రాసి ఉంటే 80జీ రాదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పనిచేసే సంస్థలకు ఈ అడ్డంకి వర్తించదని చట్టమే వివరణ ఇచ్చింది కనుక అటువంటివారు భయపడవలసిన పని లేదు.

12ఏ, 80జీ ఉత్తర్వులు రెండూ చేతిలో ఉంటే, సీఎస్ఆర్ నమోదు సంఖ్య కోసం వేసే సీఎస్ఆర్-1 ఫారం తేలిక. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సంస్థ వివరాలు, పాన్, కార్యవర్గ సభ్యుల వివరాలు నింపి, నమోదు పత్రం జతచేసి, అధీకృత వ్యక్తి డిజిటల్ సంతకం పెట్టాలి. ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు గాని, కంపెనీ సెక్రటరీ గాని, కాస్ట్ అకౌంటెంటు గాని దాన్ని ధ్రువీకరించాలి. దాఖలు కాగానే "సీఎస్ఆర్" అక్షరాలతో మొదలయ్యే సంఖ్య దానంతట అదే వస్తుంది. డిజిటల్ సంతకానికి, ధ్రువీకరించిన నిపుణుడికి ఇచ్చే పారితోషికం న్యాయమైన ఖర్చు, దానికి రసీదు తీసుకోండి. "ప్రభుత్వ ఫీజు" పేరిట అడిగితే మాత్రం ఇవ్వకండి. ఈ సంఖ్య రావడం అర్హతకు గుర్తు మాత్రమే, నిధులకు హామీ కాదు.

ఏజెంటు దగ్గర వినిపించే ప్రమాదకరమైన ప్రతిపాదన ఇంకొకటి ఉంది: కోటి రూపాయలు ఇప్పిస్తాం, అందులో ముప్పై లక్షలు నగదుగా తిరిగి ఇవ్వాలి అని. ఖర్చు సక్రమంగా జరిగిందని కంపెనీ ఆర్థికాధికారి బోర్డుకు ధ్రువీకరించవలసి ఉంటుంది. దానికోసం వినియోగ ధ్రువపత్రం మీ సంతకంతోనే వెళ్తుంది. తిరిగి ఇచ్చిన సొమ్ముకు మీరు దొంగ బిల్లులు పెట్టవలసి వస్తుంది, రేపు కేసు వస్తే అందులో ఉండేది మీ పేరే.

కంపెనీని నేరుగా కలవడం అనుకున్నంత కష్టం కాదు. వెబ్‌సైటు ఉన్న ప్రతి కంపెనీ తన సీఎస్ఆర్ విధానాన్ని, కమిటీ సభ్యుల పేర్లను, ఆమోదించిన ప్రాజెక్టులను అందులో ఉంచాలన్నది నిబంధన. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో ఏ రంగంపై ఎంత ఖర్చు చేసిందో జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ జిల్లాలో, మీ రంగంలో ఇప్పటికే ఖర్చు చేస్తున్న కంపెనీకి రాసిన ఒక లేఖ, వంద కంపెనీలకు పంపిన ఒకే నమూనా ఈమెయిల్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. వార్షిక కార్యాచరణ ప్రణాళిక బోర్డు ఆమోదంతో తయారవుతుంది కాబట్టి ప్రతిపాదనను ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో అందించడం మేలు. సాధారణంగా సొమ్ము విడతలుగా వస్తుంది, మొదటి విడత లెక్క తేలితేనే రెండోది విడుదలవుతుంది. అందుకని ఒప్పందం మీద సంతకం చేసిన రోజే ఆ ప్రాజెక్టుకు వేరే లెడ్జరు తెరిచి, ప్రతి బిల్లు మీద ప్రాజెక్టు పేరు రాసి పెట్టుకోవాలి.